వాకిలికి వీపు పెట్టిన కుర్చీ

మా తమ్ముడి కూతురు హారిక ఆ మధ్య కడప నుంచి కర్నూలులోని మా ఇంటికి వచ్చి, చెప్పులు విడవకముందే ఫోను నా ముఖం ముందు పెట్టింది. దాని స్నేహితులెవరో కోటలు చూడటానికి వస్తున్నారట. గండికోట, సిద్ధవటం, దారిలో గుళ్లూ గుహలూ. చూడాల్సినవి ఎక్కడున్నాయో దానికి తెలుసు, తినాల్సింది ఎక్కడ అన్నదే బెంగ. ఫోనులో ఒక్కో ఊరికీ హోటళ్ల పేర్లు, ఒక్కో పేరు పక్కనా చుక్కలు ఉన్నాయి. "ఈ చుక్కలు ఎవరు పెట్టినారే?" అని అడిగాను. "తిన్నోళ్లు పెడతారత్తా" అంది. "ఆ తిన్నోళ్లు ఎవరో నీకు తెలుసునా?" "తెలీదు." "ఎవరో తెలీనోడు చెప్తే పోయి నోట్లో పెట్టుకుంటావా?" అది పగలబడి నవ్వింది. "నీకు అందరిమీదా అనుమానమే అత్తా. సరే, నువ్వే చెప్పు. చిన్నప్పుడు తాత నిన్ను హోటళ్లకు తీసకపోతాండెనంట గదా, జేజి చెప్పింది" అంది. జేజి అంటే మా అమ్మ. అమ్మ ఆ సంగతి ఎత్తిందంటేనే నాకు కొంచెం తేడాగా అనిపించింది. ఆ రోజుల గురించి అమ్మ ఎప్పుడూ మాట్లాడదు.

హారిక అన్నది నిజమే. నా ఈడు ఆడపిల్లలు హోటలు గడప తొక్కని కాలంలో నేను ఎర్రకారం దోశలు తిన్నాను. కర్నూలు బస్టాండులో ఉగ్గాని బజ్జీ తిన్నాను, రాయచోటిలో పూరీ తిన్నాను. కానీ ఏ హోటల్లో ఏది రుచి అని అడిగితే మాత్రం నా దగ్గర సరైన సమాధానం లేదు. మా ఇంట్లో హోటలు మంచీచెడ్డా రుచిని బట్టి తేలేది కాదు. దానికి ఎన్ని వాకిళ్లున్నాయి, గోడవార బల్ల ఖాళీగా ఉందా, వంటింట్లోంచి పెరట్లోకి దోవ ఉందా, ఆ పెరడు ఎవరి సందులోకి తెరుచుకుంటుంది, ఇవీ చూడాల్సినవి. మా నాయన ఈ లెక్కలన్నీ వేసుకున్నాకే లోపల అడుగుపెట్టేవాడు. అప్పుడు అదంతా పెద్దమనిషి తీరు అనుకునేదాన్ని.

మా ఊరు బద్వేలుకు దగ్గర. ఊళ్లో రెండు వర్గాలు. ఒకదానికి మా పెదనాయన పెద్ద. ఆయన్ను ఒక హోటలు పెరట్లో, తినేసి చెయ్యి కడుక్కుంటుండగా నరికారు. ముందుకు వంగిన మనిషికి వెనక ఎవరు వచ్చిందీ కనపడదు కదా. ఆయన పోయాక ఊరి పెద్దరికమూ కోర్టు కేసూ రెండూ మా నాయన నెత్తిన పడ్డాయి. నిజానికి నాయనకు పెద్దరికం అంటే ఇష్టం లేదు. వేరుశనక్కాయ చేలల్లో తిరగడం, ఎద్దులకు ఒళ్లు రుద్దడం, ఇవి ఆయన పనులు. కానీ కడప కోర్టులో వాయిదా పడిన రోజు ఎవరు ఎక్కడికి, ఏ బస్సులో పోతారో అవతలి వర్గానికి ముందే తెలిసిపోతుంది. తప్పించుకునే వీలు లేదు. ఇంటి నుంచి సద్ది కట్టుకుపోయి కోర్టు ఆవరణలో కూర్చుని తినొచ్చు కదా అని ఇప్పటివాళ్లు అడుగుతారు. అట్లా తింటే రెడ్డి భయపడినాడు అని సాయంత్రానికల్లా ఊరంతా చెప్పుకుంటారు. అందుకని హోటల్లోనే తినాలి, నలుగురూ చూస్తుండగా తినాలి, తిని తాపీగా బయటికి రావాలి.

వాయిదా రోజు మా ఇంట్లో వాసనే వేరుగా ఉండేది. తెల్లవారకముందే అమ్మ కుంకుడుకాయలు కొట్టి నాకు తల పోసేది. సాంబ్రాణి పొగ పట్టేది. ఆమదం దీపం ముందు కూర్చోబెట్టి జడ అల్లేది. ఆ రోజు జడ మామూలు జడ కాదు, నడుము దాకా కనకాంబరాలు కుట్టేది, చివర ఎర్ర రిబ్బను కట్టేది. ఎంత గట్టిగా లాగేదంటే నా కళ్లలో నీళ్లు తిరిగేవి. "నొప్పి మా" అంటే "కదలొద్దు" అనేది, అంతే. బడికి ఏ రోజూ పువ్వు పెట్టని మనిషి వాయిదాకు మాత్రం పెళ్లికూతురిని చేసినట్టు చేసేది. పక్కనే నాయన పంచె కట్టుకుంటూ గొణిగేవాడు, "బడి ఎగరగొట్టి పాప ఎందుకు? వద్దు, ఇంటికాడ ఉండనీ." అమ్మ అటు తిరక్కుండానే "పాప వస్తాది" అనేది. ఇద్దరూ నన్ను ఊరించడానికి ఆడే నాటకం అనుకుని నేను నవ్వేదాన్ని. మేము బయలుదేరాక అమ్మ ఒక్కపొద్దు ఉండేదని పనిమనుషులు చెప్పుకునేవాళ్లు. వెంకటరమణస్వామికి ఏదో మొక్కు ఉందని మేమంతా నమ్మాం. సాయంత్రం బస్సు దిగి ఇల్లు చేరగానే, కాళ్లు కడుక్కోకముందే, అమ్మ నన్ను ముందర కూర్చోబెట్టుకుని జడ విప్పేది. విప్పేటప్పుడు మాత్రం నొప్పి తెలిసేది కాదు. వెంట్రుకల్లో వేళ్లు పెట్టి అట్లనే చాలాసేపు ఉండేది, తర్వాతే లేచి అన్నం తినేది.

కడపలో మేము తినేది పాతబజారు సందులో మాబు బాయి హోటల్లో. మాబు బాయి రెండు వర్గాల్లో దేనికీ చెందడు. అందుకే నాయన ఆయన్ను ఎంచుకున్నాడనుకుంటాను, దోశల కోసమైతే కాదు. "రా రెడ్డీ, కూర్చోప్పా. పాపను జూసి శానా రోజులాయ, బాగుండావామ్మా?" అని పలకరించేవాడు. ఆ హోటలుకు ముందర ఒకటే వాకిలి. లోపల ఎడమవైపు గోడకు ఆనించి ఒక బెంచీ, దాని ముందు రాతి బల్ల, బల్లకు ఇవతల ఒక కుర్చీ. నాయన బెంచీ మీద గోడకు వీపు ఆనించి కూర్చునేవాడు. భుజం మీది తువాలు తీసి పక్కనున్న జాగాను టపటపా దులిపేవాడు. ఎంత శుభ్రమో అనుకునేదాన్ని. నేను ఎదురు కుర్చీ ఎక్కి కాళ్లు ఊపుకుంటూ కూర్చునేదాన్ని. అది నా కుర్చీ. దోశ వచ్చాక నాయన వెంటనే తుంచేవాడు కాదు. అదే పెనం మీదిది వేరే బల్ల దగ్గర ఎవరైనా తింటున్నారా అని చూసి, పప్పులపొడి వాసన చూసి, అప్పుడు నాకు తినమని సైగ చేసేవాడు. నీళ్లు మాత్రం ఇంటి నుంచి మరచెంబులో తెచ్చినవే. "పాపకు హోటలు నీళ్లు పడవు" అని మాబు బాయికి చెప్పేవాడు. తిన్నాక చెయ్యి కడగడానికి పెరట్లోకి పోయేవాడు కాదు, మరచెంబు వంచి ప్లేటులోనే కడిగేసేవాడు. ఇంట్లో అట్లా చేస్తే అమ్మ ఊరుకోదు. హోటల్లో చేయొచ్చు కాబోలు అనుకుని నేనూ అట్లనే కడిగేదాన్ని.

తన దోశ నాయన ఎప్పుడూ పూర్తిగా తినేవాడు కాదు. సగం తిని ప్లేటు నా వైపు జరిపేవాడు. "నీకో?" అంటే, "నువ్వు తిను పాపా. నేను చూస్తాండా" అనేవాడు. నేను తింటుంటే చూడటం ఆయనకు అంత ఇష్టమని మురిసిపోయాను. ఊళ్లో నా స్నేహితురాళ్లకు గొప్పగా చెప్పుకున్నాను కూడా.

అమ్మ మాతో కలిసి బయట తిన్నది ఒకే ఒకసారి, మంత్రాలయంలో. మా ఇండ్లల్లో ఆడవాళ్లు హోటలు మెట్లెక్కే ఆచారం లేదు. మఠంలో పెట్టేది ప్రసాదం కాబట్టి దానికి అడ్డు లేదు. అందరం వరసలో కింద కూర్చున్నాం, మా తమ్ముడు అమ్మ ఒళ్లో ఉన్నాడు. నాయన మాత్రం కూర్చోలేదు. వరసలో కూర్చుంటే ఎదురుగా ఒక వరస, వెనక ఇంకొక వరస, అన్నీ కొత్త ముఖాలు. ఆయన స్తంభానికి ఆనుకుని నిలబడి మేము తినడం అయ్యేదాకా జనాన్ని చూస్తూ ఉన్నాడు. వడ్డించే అయ్యవారు "కూర్చోండి స్వామీ" అని ఎంత బతిమాలినా "నాకు ఆకలి లేదు" అన్నాడు. తుంగభద్ర ఒడ్డుకు వచ్చాక అమ్మ కొంగులో దాచిన ప్రసాదం ముద్ద ఇస్తే ఆవురావురుమని తిన్నాడు.

నేను పెద్దమనిషిని అయ్యాక హోటళ్లకు పోవడం ఒక్కసారిగా ఆగిపోయింది. ఇక ఆడపిల్ల అట్లా నలుగురి ముందు కూర్చుని తినకూడదు అన్నారు. తర్వాత కొన్నాళ్లకే నాయన పట్టుబట్టి అవతలివాళ్లతో రాజీ చేసుకున్నాడు. సొంత వర్గంవాళ్లు పిరికివాడన్నా లెక్కచేయలేదు. ఈ రెండింటికీ సంబంధం ఉంటుందని నాకు అప్పుడు తట్టలేదు.

తిరుపతిలో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో ఒక స్నేహితురాలికి ఈ దోశల కథంతా చెప్పాను. వాళ్ల నాయన పోలీసు ఉద్యోగి. అంతా విని, "మీ నాయన గోడకు ఆనుకుని కూర్చునేవాడా? మరి నువ్వు?" అని అడిగింది. ఎదురు కుర్చీలో అన్నాను. "అంటే వాకిలికి వీపు పెట్టి" అంది. తర్వాత నా ముఖం చూడకుండా, "పిల్లలు పక్కనుంటే చెయ్యి ఎత్తరంటలే, అదొక కట్టుబాటు" అని మాట మార్చేసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పూలజడ వేసుకుని కాళ్లూపుకుంటూ కూర్చున్న పిల్ల వీపు వాకిట్లోంచి ఎట్లా కనిపిస్తుందో మొదటిసారి ఊహించుకున్నాను. "నేను చూస్తాండా" అన్నప్పుడు నాయన చూసింది నన్ను కాదు, నా భుజం మీదుగా వాకిలిని. నన్ను అడ్డం పెట్టుకున్నాడు. నేను పెద్దమనిషినయ్యాక అడ్డానికి పనికిరాకపోతే రాజీకి పోయాడు. ఒక్కొక్కటే గుర్తుచేసుకుంటే అన్నీ సరిగ్గా అతుక్కున్నాయి.

ఆ తర్వాత ఒకసారి నాయన హాస్టలుకు వచ్చి నన్ను హోటలుకు తీసుకుపోయాడు. గోడ పక్కన కూర్చున్నాడు. నేను కావాలనే ఎదురు కుర్చీని వదిలేసి పోయి ఆయన పక్కన కూర్చున్నాను. ఏమంటాడో చూద్దామని. ఆయన ఖాళీ కుర్చీ వైపు చూశాడు, నా వైపు చూశాడు, ముఖమంతా విప్పారింది. ఆ రోజు దోశ మొత్తం తిన్నాడు. ఆ సంతోషం మీద కూడా నాకు అనుమానమే వచ్చింది, ఏదో కప్పిపుచ్చుకుంటున్నాడని. అడగాలనుకున్నాను, అడగలేదు. నాయన చివరికి చక్కెర జబ్బుతో, తన మంచం మీద, అందరి మధ్యా పోయాడు. నేను ఏడ్చాను. కానీ ఏడుస్తున్నప్పుడు కూడా ఆ కుర్చీ నా గొంతులో అడ్డంగా ఉంది. నాయన నన్ను ప్రేమించాడా, వాడుకున్నాడా అన్నది తేలకుండానే నా తల నెరిసింది.

హారిక పోరు పడలేక మొన్న దాంతోపాటు కారులో కడప వచ్చాను. తమ్ముడింట్లో అమ్మ ఉంది. ఎనభై దాటినా చూపు బాగానే ఉంది, చెవులు అంతకన్నా బాగున్నాయి. మాబు బాయి హోటలు ఇంకా ఉందట, ఆయన మనవడు నడుపుతున్నాడట, చుక్కలు కూడా బాగానే ఉన్నాయట. మేము బయలుదేరుతుంటే అమ్మ చెప్పులు తొడుక్కుని వాకిట్లో నిలబడింది. "నేనూ వస్తాండా" అంది. పుట్టి బుద్ధెరిగాక హోటల్లో మెతుకు ముట్టని మనిషి. తమ్ముడు బిత్తరపోయాడు. నేను మాత్రం, ఈమె ఊరికే రాదు, ఏదో ఉంది అనుకున్నాను.

హోటలు ముందర ఇప్పుడు అద్దాలు. గోడల మీద వంటకాల బొమ్మలు, మూలన వాకిలిని చూస్తూ ఒక కెమెరా. ఈ కాలంలో వాకిలిని చూసే పని దానికి అప్పగించినట్టున్నారు. అవతలి వర్గం వాళ్ల మనవడూ మా తమ్ముడి కొడుకూ కలిసి ఇక్కడే పలావు తింటారని, ఇద్దరూ ఏదో వ్యాపారం మొదలుపెట్టారని హారిక చెప్పింది. నేను విన్నాను గానీ నమ్మకం కుదరలేదు. రాతి బల్ల ఎప్పుడో పోయింది. ఎడమవైపు గోడకు బెంచీ మాత్రం ఉంది, మెత్తలు వేశారు. ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీ. అమ్మ నేరుగా పోయి వాకిలికి వీపు పెట్టి ఆ కుర్చీలో కూర్చుంది.

"ఆడ కూర్చోవద్దు మా. ఈ పక్కకు రా, ఆనుకునేదానికి మెత్తగా ఉండాది" అన్నాను.

"నువ్వు పో గోడ పక్కకు. ఇది నా కుర్చీ."

"నీదెట్ల? నువ్వు ఈ హోటలు ముఖమే చూడలేదు గదా."

"చూడకుంటే? ఏ బల్ల యాడుండాదో, ఏ కుర్చీ ఎట్ల తిరిగి ఉండాదో మీ నాయనను అడిగి అడిగి తెలుసుకున్యా" అంది అమ్మ. బల్ల మీద చెయ్యి రాస్తూ, "దీంట్లో నిన్ను కూర్చోబెట్టింది నేనే" అంది.

హారిక ఫోను కింద పెట్టింది.

"మీ నాయన ఒప్పుకోల్యా. బిడ్డను అడ్డం పెట్టుకోని తిరిగేంత చేతగానోన్నా అని నాతో కొట్లాడినాడు. పాప వస్తేనే నువ్వు గడప దాటేది, లేకుంటే నా పీనుగ మీద దాటిపో అన్యా. నీకేమో, నాయన పక్కన కూర్చుంటే ఆయనకు చెయ్యి ఆడదు, ఎదురుగా కూర్చో అని చెప్పి పంపిస్తాంటి. వాకిట్లో కాలు పెట్టినోనికి ముందు నీ జడ కనపడాల. అందుకే అన్ని పూలు."

అప్పుడు నాకు ఆ తువాలు గుర్తొచ్చింది. బెంచీ మీద కూర్చోగానే పక్క జాగాను దులిపేవాడు. దులిపి, దాని మీద అరచెయ్యి పెట్టి, నా వైపు చూసేవాడు. నేను తల అడ్డంగా ఊపి కుర్చీ ఎక్కేదాన్ని. ఆ దులపడం నాకోసమని, రమ్మని పిలవడమని, ఇన్నేళ్లూ నాకు తెలియలేదు. తిరుపతిలో నేను పోయి పక్కన కూర్చున్నప్పుడు ఆ ముఖం ఎందుకు విప్పారిందో తెలియలేదు. నాయన పోయాక ఇప్పుడు తెలిసింది. తెలిసి ఏం చేసుకోను?

కోపం వచ్చింది. "నేను తిరిగి రాకపోయింటే? ఆ వచ్చినోడు కట్టుబాటు లేనోడైతే?" అని అడిగాను. నా గొంతు పక్క బల్లవాళ్లకు కూడా వినపడింది.

అమ్మ తప్పించుకోలేదు. "అదే గదా" అంది. "ఆయన ఒక్కడే పోతే తిరిగి రాడని నాకు గట్టిగా తెలుసు. నువ్వు పోతే ఇద్దరూ వస్తారేమో అని ఆశ. ఆ 'ఏమో' మీద నిన్ను పంపిస్తి. ఒక్కపొద్దు ఏ దేవుని కోసం అనుకున్యావు? నీ జడ విప్పేదాకా నాకు గొంతులో నీళ్లు దిగవు." "నేను రావాల్సింటి. మొగుని ఎదురుగా నేనే కూర్చోవాల్సింటి. మన ఇండ్ల ఆడది హోటల్లో కూర్చుంటే పరువు పోతాదని రాల్యా. పరువు కోసం బిడ్డను పంపిన్యా. ఇంగ నువ్వు ఏమన్నా అనుకో" అంది.

అనడానికి ఉన్నవన్నీ నాయన కోసం దాచిపెట్టుకున్నవి. వాటిని అమ్మ మీదికి తిప్పుదామని చూస్తే, ఎదురుగా ముడతలు పడిన ఆ రెండు చేతులు కనిపించాయి. అప్పట్లో నా జడను అంత గట్టిగా లాగినవి అవే చేతులు. క్షమించానని చెప్పలేను. కానీ కోపం మునుపటంత బలంగా నిలబడలేదు.

దోశలు వచ్చాయి. అమ్మ తుంచి కొంచెం నోట్లో పెట్టుకుంది. అదే పెనం మీదిది ఇంకెవరైనా తింటున్నారా అని చూడలేదు, పొడి వాసన చూడలేదు. హారిక "ఎట్లుండాది జేజీ?" అని అడిగితే, "కారం ఎక్కువ, బాగుండాది" అని ఇంకో ముక్క తీసుకుంది. నేను నాయన జాగాలో, గోడకు ఆనుకుని కూర్చున్నాను. అక్కడి నుంచి అమ్మ ముఖం కనిపిస్తుంది, దాని వెనక వాకిలి కనిపిస్తుంది. రెండింటినీ ఒకేసారి చూడటం కుదరదని కూర్చున్నాకే తెలిసింది. వాకిలిని చూస్తే అమ్మ ముఖం మసకబారుతోంది, ముఖాన్ని చూస్తే వాకిలి వదిలేయాల్సి వస్తోంది. ఎవరో తలుపు తోసుకుని లోపలికి వచ్చారు. చిన్న పిల్లలున్న కుటుంబం. అయినా నా చెయ్యి ప్లేటులోనే ఆగిపోయింది. వాళ్లు పోయి దూరంగా కూర్చునేదాకా ముద్ద మింగుడు పడలేదు. నాయన ఎన్ని వాయిదాలు ఇట్లా తిన్నాడో, ఇట్లా తినలేక వదిలేశాడో.

సగం దోశ అట్లనే ఉంది. ప్లేటును అమ్మ వైపు జరిపాను.

"నీకో?" అంది అమ్మ.

"నువ్వు తిను మా" అన్నాను. "నేను చూస్తాండా."